నీలం పూల సంచి

ఆ ఆదివారం చర్చిలో సంఘ పెద్ద నీలం పూల సంచి పైకెత్తి, ఇది ఎవరిదండీ అని అడిగినప్పుడు నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను. అది నేను తెచ్చిన సంచి. నాదని చెప్పలేదు. నాలుగేళ్ళపాటు చెప్పలేదు. ఆ నాలుగేళ్ళూ మా వదిన మీద ఉన్న మాటకి కారణం నేనే కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

వదిన అంటే నా భార్యకి అక్క. రామచంద్రపురంలో వాళ్ళూ మేమూ ఒకే వీధిలో ఉంటాం, మధ్యలో రెండిళ్ళు. ఆవిడ భర్త, అంటే మా తోడల్లుడు, టైలరు. నేను అన్నయ్య అంటాను. వీధి వైపు గదిలో రెండు మిషన్లు, వెనక ఒక గది, వంటిల్లు, అంతే వాళ్ళ ఇల్లు. నాది డాబా. నేను కాకినాడలో ఒక కాంట్రాక్టరు దగ్గర గుమాస్తాని. పొద్దున్నే బస్సెక్కి సాయంత్రం ఏడింటికి దిగేవాణ్ణి. బస్సు దిగి మా ఇంటికి రావాలంటే వాళ్ళ గుమ్మం దాటాలి. నా కుళ్ళంతా ఆ గుమ్మం దగ్గర మొదలైంది.

ఏడయ్యేసరికి ఆ ఇంట్లో మిషన్ల చప్పుడు ఆగిపోయేది. పెళ్ళిళ్ళ రోజులైనా సరే, ఎంత పని మీద పడ్డా సరే, అన్నయ్య మిషను మీద గుడ్డ కప్పి కాళ్ళు కడుక్కోవడానికి లేచేవాడు. వదిన ఎసరు పెట్టి, బియ్యం కడిగే ముందు ఒక గుప్పెడు తీసి మూత ఉన్న స్టీలు డబ్బాలో వేసేది. మా సంఘంలో చాలా ఇళ్ళలో ఉన్న అలవాటే ఇది. వారమంతా అలా తీసిన బియ్యం ఆదివారం చర్చికి తెస్తారు. అవి వండుకునే ఓపిక మాత్రమే మిగిలిన ముసలమ్మలకి వెళ్తాయి. అయితే వదిన ఒక్కో గుప్పెడూ వేసేటప్పుడు ఎవరో ఒకరిని తలుచుకునేది. తర్వాత చాప పరిచేవాళ్ళు. ఒక పాట, ఒక అధ్యాయం, ఒక ప్రార్థన. అది ముగిసేసరికి అన్నం ఉడికేది. అందరూ ఒకేసారి తినేవాళ్ళు. ఏ రోజూ ఎవరూ గడియారం చూడగా నేను చూడలేదు.

మా ఇంట్లోనూ బైబిలు ఉంది, టీవీ పక్కన. మేం ముగ్గురం మూడు వేళలకి తినేవాళ్ళం. నేను పళ్ళెం పట్టుకుని ఫోను చూస్తూ తినేవాణ్ణి.

పిల్లలు లేని ఇల్లు వాళ్ళది. ఆ చాప మీద మా అమ్మాయి ఉండేది. అప్పుడు ఎనిమిదో తరగతి. హోంవర్కు పేరు చెప్పి అయిదింటికే వెళ్ళిపోయి ప్రార్థనయ్యాక వచ్చేది. నేను ఆఫీసు బ్యాగు భుజాన వేసుకుని ఆ గుమ్మం దాటుతుంటే లోపల్నించి దాని గొంతు వినబడేది, అధ్యాయం చదువుతూ. మా ఇంట్లో అది మాట్లాడేదే తక్కువ, మాట్లాడినా తొందర తొందరగా. అక్కడ అంత నిదానంగా, తప్పు పోతే మళ్ళీ మొదటినుంచి చదువుతుంటే, ఆ పిల్ల నా కూతురేనా అనిపించేది. ఒక్కోసారి నా భార్య చెప్పులు కూడా అక్కడే ఉండేవి. అప్పుడు మా ఇంటి తాళం నేనే తీసుకోవాల్సి వచ్చేది.

ఒకరోజు ఉండబట్టలేక ఆగాను. అన్నయ్య చాప దులుపుతున్నాడు. ఒకావిడ జాకెట్టు కోసం వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది.

"పని ఆపేసి పాటలు పాడుకుంటే బేరాలు ఏం నిలుస్తాయి అన్నయ్యా?" అన్నాను.

"బేరాలకేం లోటు లేదు తమ్ముడూ, కాజాలు కుట్టేవాళ్ళే లేరు. నువ్వు వస్తావేంటి?" అని నవ్వి, ఆవిడ వైపు తిరిగి, "మీ జాకెట్టు ఎక్కడికీ పోదమ్మా. కూర్చోండి, అరగంటలో ఇచ్చేస్తాను," అన్నాడు. ఆవిడ నిజంగానే గడప మీద కూర్చుంది. నాకు అదీ కడుపుమంటే. నేను చెబితే మా ఆఫీసులో అటెండరు కూడా కూర్చోడు.

ఆ రాత్రి నేను తింటుంటే మా అమ్మాయి వచ్చి అంది, "నాన్నా, ఇవాళ పెద్దమ్మ గుప్పెడు మీ కోసం వేసింది. బస్సులో తిరిగి తిరిగి అలిసిపోతున్నారంట." నా భార్య సంతోషంగా నా వైపు చూసింది. నాకు అన్నం సహించలేదు. ఇంత డాబా కట్టినవాణ్ణి, నన్ను చూసి జాలిపడడానికి వీళ్ళెవరు అనుకున్నాను. ఆ మాట చాలా రోజులు నాలోనే నలిగింది.

ఇక ఆ ఆదివారం సంగతి. నా భార్య బంధువుల పెళ్ళికి నిడదవోలు వెళ్ళింది, మూడు రోజులు. అమ్మాయిని కూడా తీసుకువెళ్ళింది. చర్చికి బయల్దేరుతుంటే మా గుప్పెడు డబ్బా గుర్తొచ్చింది. తీసి చూస్తే ఖాళీ. ఆ వారం ఇంట్లో ఎవరూ వెయ్యలేదు. ఒట్టి చేతులతో వెళ్తే, పెళ్ళాం ఊళ్ళో లేకపోతే వీళ్ళ ఇంట్లో ఏదీ జరగదని అనుకుంటారేమో అనిపించింది. ముఖ్యంగా వదిన అనుకుంటుందని. మెట్ల కింద కోటా బియ్యం మూట ఉంది. మేం తినం, కోళ్ళకి వేస్తాం. రెండు డబ్బాలు కొలిచి తీసి, మేకుకున్న గుడ్డ సంచిలో పోసి మూతి కట్టేశాను. నీలం పూల సంచి అది. మిగిలిన ముక్కలతో అన్నయ్యే కుట్టాడు, వాళ్ళకొకటి, మాకొకటి. మాది చర్చికి రావడం అదే మొదటిసారి. వెళ్ళేసరికి పాట మొదలైంది. సంచులన్నీ ముందు వరసగా పెట్టి ఉన్నాయి. నేనూ వాటి పక్కన పెట్టి వచ్చాను, ఎవరూ చూడలేదు.

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద సంచులు ఒక్కొక్కటే విప్పి గంగాళంలో పోస్తూ మా దాని దగ్గర ఆగారు. పిడికిట్లోకి తీసుకున్నారు. పురుగులు ఆయన వేళ్ళ మీద పాకుతున్నాయి. పెద్దగా ఏం కోప్పడలేదు. "కోళ్ళు కూడా ముట్టవండి ఇవి," అని, సంచి ఎత్తి, ఎవరిదని అడిగారు.

ఆ పూలగుడ్డ టైలరు గారి ఇంటిదని ఆడవాళ్ళందరికీ తెలుసు. అందరూ వదిన వైపు తిరిగారు. నిజానికి వదిన ఆ వారం చర్చికి సంచే తేలేదు. జ్వరంతో ఉన్న ఒక ముసలమ్మకి శనివారమే తీసుకెళ్ళి ఇచ్చి, గంజి కాచి వచ్చింది. ఆ సాయంత్రం నేను ఇస్త్రీ బట్టలకి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అన్నయ్యే చెప్పాడు. ఇంతమందిలో అది తెలిసిన వాళ్ళం వాళ్ళిద్దరూ, నేనూ.

వదిన ఆ సంచి చూసింది. తర్వాత నన్ను చూసింది. ఎంతసేపో చెప్పలేను, కొంచెంసేపే అయి ఉంటుంది. నేను పాటల పుస్తకం తిరగేశాను. ఆవిడ లేవబోతున్న అన్నయ్యని కళ్ళతోనే వారించి, తనే వెళ్ళి సంచి అందుకుని వచ్చి కూర్చుంది.

మర్నాడు సాయంత్రం ఊరినుంచి వచ్చిన మా అమ్మాయి చేతికి ఆ సంచి ఇచ్చి పంపింది. ఉతికి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి. దాన్ని మళ్ళీ మేకుకి తగిలించాను.

సిగ్గుపడ్డానని రాస్తే అబద్ధం. మొదట నాకు హాయిగా అనిపించింది. శుక్రవారం వాళ్ళింట్లో ప్రార్థన కూటం జరిగేది, గుమ్మం ముందు చెప్పులు నిలవడానికి చోటుండేది కాదు. తర్వాతి శుక్రవారం ఆ చెప్పులు తగ్గాయి. ఆ పై వారం ఇంకా తగ్గాయి. బస్సు దిగి వస్తూ చూసుకునేవాణ్ణి. వదిన ముందు వరసలోంచి వెనక బల్లకి మారింది. గుప్పెడు బియ్యం చర్చికి తేవడం మానేసి, తనే ముసలమ్మల ఇళ్ళకి తీసుకెళ్ళి ఇచ్చేది. మా అమ్మాయి మాత్రం వెళ్ళడం మానలేదు. ఏడింటికి మిషన్లు ఆగడం మానలేదు. ఊరంతా చిన్నచూపు చూసినా ఆ చాప మీద ఏమీ తగ్గనందుకు మళ్ళీ కుళ్ళుకున్నాను.

ఈ ఏడాది మా పాస్టరుగారు, గుప్పెడు బియ్యం పంచే పని వదినకి అప్పజెబుదామన్నారట. "పురుగుల బియ్యం తెచ్చినావిడకా అండీ?" అని ఎవరో అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. నా భార్య అక్కడే ఉంది. ఇంటికొచ్చి వంటింట్లో నిలబడి కళ్ళు తుడుచుకుంటూ, "మా అక్క అలా ఎందుకు చేసిందో నాకు ఇప్పటికీ అర్థం కాదండి. అడగడానికి నాకే సిగ్గేసింది," అంది. ఆవిడ వెనక మేకుకి ఆ సంచి ఉంది.

నాలుగేళ్ళూ తోడబుట్టినది కూడా నమ్మిందని నాకు అప్పుడే తెలిసింది. ఊళ్ళోవాళ్ళ మాట సరే, ఇది నేను ఊహించలేదు.

నేరుగా వదిన వాళ్ళింటికి నడిచాను. ఏడు కావస్తోంది. వదిన వంటింట్లో బియ్యం చేట ముందు కూర్చుని ఉంది. గుమ్మంలోనే నిలబడి, ఆ బియ్యం నావి వదినా అన్నాను. ఆవిడ గుప్పెడు డబ్బాలో వేసి మూత పెట్టింది.

"తెలుసు మరిదిగారూ. మీరే చెప్తారని చూశాను." చేట పక్కకి జరిపి అడిగింది, "చెల్లికి చెప్పారా?"

లేదన్నాను.

"ముందు దానికి చెప్పండి. ఇన్నాళ్ళూ అది నన్ను ఓ మాట అడిగితే బావుండునని ఉంది నాకు."

ఇంటికెళ్ళి చెప్పాను. నా భార్య అరవలేదు. చెప్పులేసుకుని అక్క దగ్గరికి వెళ్ళింది. ఆ పూట మా ఇంట్లో వంట కాలేదు, నన్ను పిలవనూ లేదు. నేను అరుగు మీద కూర్చుని వాళ్ళ పాట విన్నాను.

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేళ్ళకి సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచాను. ఉద్యోగం గురించో ఆరోగ్యం గురించో చెబుతాననుకున్నారు అందరూ. ఇస్త్రీ మడత పోని ఆ సంచి నా చేతిలో ఉంది.

"నాలుగేళ్ళ కింద ఈ సంచిలో పురుగుల బియ్యం తెచ్చింది నేనండి. మా కోళ్ళకి వేసేవి. మా వదినగారు ఆ వారం తన గుప్పెడు ఒక జబ్బు మనిషికి ఇచ్చి వచ్చారు, ఆ సంగతి నాకు తెలుసు. మీరందరూ ఆవిణ్ణి చూస్తుంటే నేను పుస్తకం చూశాను. ఆవిడ ఇల్లు చూసి ఓర్చుకోలేక ఊరుకున్నాను, ఊరుకుని సంతోషించాను కూడా." వెనక బల్ల వైపు తిరిగాను. "వదినా, మీ పేరు నేను చెడగొట్టాను. నన్ను క్షమించండి."