మోత వినపడేదాకా

ఓర్వకల్లు కొండ కింద కాపురముండే విశ్వాసమ్మకు తెలిసిన ఇంగ్లీషు మాట ఒక్కటే, బ్లాస్టింగ్. మధ్యాహ్నం క్వారీలో ఆ కేక వేయగానే నీళ్లకుండ మీద మూత పెడుతుంది, మేకను లోపలికి లాగుతుంది, అన్నానికి వచ్చిన కొడుకు జ్ఞానరాజు పక్కన చెవులు రిక్కించి కూర్చుంటుంది. "పెద్ద మోతతో పేలడమని అర్థమత్తా ఆ మాటకు. చెవులు మూసుకోరాదా?" అంటుంది కోడలు మహిమ. "మోత వినపడితే ఏం భయం మే, వినపడకుంటేనే" అంటుంది విశ్వాసమ్మ. ఒకసారి కేక తర్వాత మోత రాకపోతే, పేలుడు మందు చచ్చిందనుకుని రాళ్ల దగ్గరికి పోయిన ఆమె మొగుడు తిరిగి రాలేదు.

నిన్న కూడా కేక వినపడింది గానీ మోత రాలేదు. జ్ఞానరాజు తిని చెయ్యి కడుక్కున్నాడు. పనిలోకి రమ్మని మేస్త్రీ ఫోన్ చేశాడు. విశ్వాసమ్మ కొడుకు హెల్మెట్ ఒడిలో పెట్టుకుని గడపకు అడ్డంగా కూర్చుంది.

"మేస్త్రీ తిడతాండాడు, లెయ్యమ్మా."

"తిట్టనీ. ఆయప్పకేం, ఫోన్లో ఉండాడు. అది ఇంకా పేలలే."

ఆమె పెదవులు ప్రార్థనకు కదులుతున్నాయి. అంతలో కొండ దద్దరిల్లింది. కప్పు బండల సందుల్లోంచి మట్టి రాలింది. "ఇంక పో నాయనా" అంది విశ్వాసమ్మ. కానీ హెల్మెట్‌ను పట్టుకున్న ఆమె వేళ్లను మహిమ ఒక్కొక్కటే విడిపించాల్సి వచ్చింది.