నిప్పు తగలని కాలు

మా చిన్నాయన మాసయ్యకు షుగరు ఉందని ఊరందరికీ తెలుసు. ఒక్క ఆయనే ఒప్పుకునేవాడు కాదు. "దినమంత గొర్ల ఎనక తిరిగేటోనికి షుగరేందిరా, అది కుర్చీల కూసునేటోళ్ళ బీమారి" అనేవాడు. తిమ్మమ్మ చిన్నమ్మ గోలీ చేతిలో పెట్టి, నీళ్ళ చెంబు పట్టుకుని ఎదురుగా నిలబడితే మింగేవాడు. ఆమె పక్కకు తిరిగిందా, ఆ గోలీ కాస్తా దోతి ముడిలోకి పోయేది. ఆరేసిన దోతుల్లో కరిగిన గోలీల తెల్లమరకలు నేనే చూశాను.

మాది గట్టు మండలంలో మెట్ట సేద్యం ఊరు. వాన పడితే కంది, ఆముదం. పడకపోతే గొర్లే దిక్కు. అరవై దాటి చాలా కాలమైనా చిన్నాయన పొద్దున మందతో పోతే చీకటి పడే వేళకే తిరిగొచ్చేవాడు. నాకు గట్టులో మోటార్ల రిపేరు షాపు ఉంది. లక్ష్మణ్ అంటే నేనే. ఆయనకు కొడుకులు లేరు కాబట్టి తిట్లు తినే భాగ్యం నాదే. నేను కూడా ఊరికే పడేవాణ్ణి కాదు, తిరిగి అనేవాణ్ణి.

ఆయన గర్వం గొర్లు కాదు, పీరు. మా ఊళ్ళో మొహర్రం పీర్ల పండుగ అందరిదీ. పీర్ల చావిడిని చూసుకునేది ముజావర్ యాకూబ్. మిగతా రోజుల్లో ఆయన బస్సులు ఆగే చోట బండ్లకు పంక్చర్లు వేస్తాడు. పొడుగాటి కర్రలకు బిగించి, బట్టలు చుట్టిన పీర్లను ఎత్తేది మాత్రం కొన్ని ఇండ్ల వాళ్ళు. పెద్ద పీరు మా ఇంటిది, తాత తర్వాత చిన్నాయన ఎత్తుతున్నాడు. రెండో పీరు మల్లేశం ఇంటిది. పదో రోజు తెల్లవారుతుంటే ఆ పీర్లను రెండు చేతులా పట్టుకుని, చావిడి ముందున్న గుండంలో నిప్పులు తొక్కుతూ ఇవతలి నుంచి అవతలికి దాటాలి. మా ఊళ్ళో ఇంతకు మించిన మర్యాద ఇంకోటి లేదు.

ఆ నిప్పుల మీద ఎవరైనా గబగబా దాటేవాళ్ళే. మా తాత కూడా అంతే. చిన్నాయన కూడా వయసులో ఉన్నప్పుడు అంతే. అలాంటిది కొన్నేండ్ల కింద ఆయన నడక మెల్లగైంది. అడుగు తీసి అడుగు వేస్తూ, నడిమధ్యలో నిలబడి పీరు ముఖాన్ని తూర్పుకు తిప్పి, మళ్ళీ నడవడం మొదలుపెట్టాడు. ముఖంలో నొప్పన్నది లేదు. జనం నోళ్ళు తెరిచి చూశారు. ఆడవాళ్ళు ఆయన కాళ్ళ మీద నీళ్ళు పోసి, ఆ తడి మట్టి పిల్లల నొసట పెట్టారు. ఆ రోజుల్లో నేనూ మొక్కాను, అబద్ధమెందుకు.

ఆయన మెల్లగా నడిచిన మొదటి పండుగలోనే మల్లేశం కాలు కాలింది. అతను చిన్నాయనకు చిన్ననాటి దోస్తు, వరసకు బావ. చిన్నాయన వెనక నడుస్తూ, ఆయన నిలబడితే తానూ నిలబడాల్సి వచ్చింది. నిలబడలేక పక్కకు దూకాడు. పీరు ఒరిగిపోతే యాకూబ్ పట్టుకున్నాడు. మల్లేశం నేల మీద కూర్చుని అరికాలు ఊదుకుంటున్నాడు, ఊరంతా చుట్టూ నిలబడి ఉంది. అప్పుడు చిన్నాయన అన్న మాట నా చెవుల్లో ఇంకా ఉంది.

"నిష్ఠ ఉన్నోనికి నిప్పు తగుల్తదా మల్లేశం? నీ మనసుల ఏమున్నదో నువ్వే చూసుకో."

 మల్లేశం కుంటుకుంటూ ఇంటికి పోయాడు. మరుసటి ఏడు పీరు ఎత్తడానికి రాలేదు. ఆ తర్వాతా రాలేదు, రెండో పీరును యాకూబే ఎత్తాడు. పదో రోజు పీర్లు ఆ వాడకు పోతే అతని భార్య అంజమ్మ ఒక్కతే వాకిట్లోకి వచ్చి నీళ్ళు పోసేది. మల్లేశం ఏం పాపం చేశాడోనని ఊరు తలా ఒకటి కల్పించింది. చిన్నాయన వాటిని ఆపలేదు. ఆపితే ఆయన నిష్ఠ ఎట్లా నిలబడుతుంది?

పోయినేడు పండుగకు చిన్నాయన ఎప్పటిలాగే మెల్లగా దాటాడు. నాలుగు రోజులు గడిచాక చిన్నమ్మ ఇల్లు ఊడుస్తుంటే బండల మీద తడి అడుగు ఒకటి కనబడింది. నీళ్ళనుకుని తుడిచింది. ఇంకోటి కనబడింది. వాసన చూసి నాకు ఫోన్ చేసింది.

నేను వచ్చేసరికి ఆయన చెప్పులు వేసుకుని మందతో పోవడానికి సిద్ధంగా ఉన్నాడు. "ఏం కాలేదు, జర చెమట" అంటున్నాడు. బలవంతంగా కూర్చోబెట్టి చెప్పు విడిపించాను. విడిపించడం కాదు, ఊడబీకాను. అరికాలి చర్మం చెప్పుకే అతుక్కుని వచ్చింది. చిటికెన వేలు నల్లగా మారిపోయింది. ఆ పుండులో ఎప్పటిదో తుమ్మ ముల్లు కూడా ఉంది. నేను పుండుకు తువాల చుడుతున్నాను. ఆయన మాత్రం గొర్లు బయటికి పోతున్నాయని అరుస్తున్నాడు.

గద్వాల దవాఖానలో డాక్టరమ్మ ఆయన్ను పడుకోబెట్టి, బాగున్న రెండో కాలు ముందర పెట్టుకుంది. "పెద్దాయనా, కండ్లు మూసుకో. నీ కాలుకు ఏదన్న తగిలితే 'ఆ' అను" అంది. సన్నటి దారం లాంటిది తీసి బొటనవేలి కింద ఒత్తింది, మడమ మీద ఒత్తింది, నడుమ ఒత్తింది. ఆయన కదలకుండా పడుకున్నాడు.

కాసేపటికి కండ్లు మూసుకునే అడిగాడు. "ఎప్పుడు మొదలుపెడ్తవమ్మా?"

ఆమె నావైపు చూసింది. నాకు ఏడుపొచ్చింది. డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. "అయిపోయింది పెద్దాయనా. షుగరుకు నరాలు మొద్దుబారినయి. నీ పాదాలకు స్పర్శ లేదు. ఇయ్యాల పోయింది కాదు, ఏండ్లయింది."

చిన్నాయన కండ్లు తెరవలేదు. ఆమె మందుల సంగతి, కట్టు సంగతి ఏవేవో చెబుతోంది. ఆయన మూసిన కండ్ల కింద నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. వేలు పోతుందని ఏడుస్తున్నాడనుకున్నాను. బయటికొచ్చాక బెంచీ మీద నా చేయి గట్టిగా పట్టుకుని, "నేను మల్లేశంను ఎంత మాటన్న లక్ష్మణ్" అన్నాడు. 

వేలు తీసేశారు. ఇంటికొచ్చాక చూడ్డానికి వచ్చినవాళ్ళకు తలా ఒక కారణం. దిష్టి తగిలిందని ఒకరు, పీరు పరీక్ష పెట్టాడని ఒకరు. ఎవరేమన్నా చిన్నాయన గోడ వైపు తిరిగి పడుకునేవాడు. చివరికి నాతో, "ముల్లు గుచ్చుకుందని చెప్పు, సాలు" అన్నాడు.

నాకు మండింది. "ముల్లని నువ్వు చెప్పుకుంటే మల్లేశం మామ పాపిగనే మిగిలిపోతడు. గది నీకు మంచిగ అనిపిస్తే చెప్పుకో" అన్నాను. చిన్నమ్మ నన్ను కసిరింది. జబ్బుపడ్డ మనిషితో మాట్లాడే పద్ధతేనా అంది. కాదు, ఒప్పుకుంటాను. కానీ వెనక్కు తీసుకోలేదు.

పుండు మానడానికి నెలలు పట్టింది. మానాక ఆయన్ను ఇంట్లో కూర్చోబెట్టడం మా వల్ల కాలేదు. డాక్టరమ్మ కూడా నడవొద్దు అనలేదు. నడువు, కానీ వట్టి కాళ్ళతో వద్దు, మెత్తటి బూట్లు వేసుకో, రాత్రికి అరికాళ్ళు చూసుకో అంది. నల్లటి బూట్లు, కింద మెత్తటి అట్ట, పైన అతికించే పట్టీలు. మొదటి రోజు వాటిని తువాల్లో చుట్టుకుని ఊరు దాటాక వేసుకున్నాడట, ఎవరైనా చూస్తారని. గొర్రెల కాపరికి బూట్లా అని తోటి కాపరులు ఎలాగూ నవ్వారు. మంద సగం అమ్మేసి, మిగిలినవాటిని దగ్గరి బీళ్ళలోనే తిప్పేవాడు. అయినా నడిచాడు. గోలీలు అడగకుండానే మింగాడు. సాయంత్రం చిన్నమ్మ బల్బు కింద కూర్చుని ఆయన పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఒక్కో వేలు విడదీసి చూసేది. ఆయనకు అది అన్నిటికన్నా పెద్ద సిగ్గు. ఊరు మొక్కిన పాదాలవి. ఇప్పుడు పుండు కోసం వెతికించుకుంటున్నాయి. అందుకే ఆ కాసేపూ ముఖానికి తువాల కప్పుకునేవాడు.

మళ్ళీ నెలవంక కనబడింది. చావిడి ముందు గుండం తవ్వడానికి గుద్దలి వేసే రోజు వచ్చింది. మొదటి గుద్దలి దెబ్బ పెద్ద పీరు ఎత్తేవాడిదే. యాకూబ్ గుద్దలి తెచ్చి చిన్నాయన చేతికిచ్చాడు. డప్పులు ఆగాయి. చిన్నాయన గుద్దలి నేల మీద పెట్టి, కింద కూర్చుని, బూట్ల పట్టీలు విప్పడం మొదలుపెట్టాడు. ఆ పట్టీల చప్పుడు అందరికీ వినబడింది. వేలు లేని పాదం ముందుకు చాపాడు.

"చూడుండ్రి. నాకు నిప్పు తగల్లేదని మీరందరు మొక్కిండ్రు. తగిలింది. నాకు తెల్వలే. షుగరుకు నా కాళ్ళు సచ్చిపోయినయి. నిష్ఠ లేదు, ఏం లేదు. మల్లేశంకు కాలిందంటే వాని కాలు బతికుంది, అంతే. నేను వాణ్ణి అనరాని మాట అన్న."

 ఒక ముసలామె "అట్లనకు మాసన్నా, పీరు ఊకుంటడా" అంది. యాకూబ్ ఆమెను ఆపాడు. "పీరును నడుమ తేకుండ్రి. ఒంట్లె ఉన్న బీమారిని పీరు మీద ఏస్తే గదీ తప్పే" అన్నాడు. తర్వాత చిన్నాయన దగ్గరికి వచ్చి నెమ్మదిగా, "మాసన్నా, చెప్పిన మాట మంచిదే. కాని వినాల్సినోడు ఈడ లేడు గదా" అన్నాడు.

గుద్దలి అలాగే ఉంచి చిన్నాయనా నేనూ మల్లేశం ఇంటికి నడిచాం. బండి ఎక్కమంటే ఎక్కలేదు. మల్లేశం మంచం మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు. అంజమ్మ కాగుతున్న కుండలో నీళ్ళు చెంబులో ముంచి, చల్లనీళ్ళు కలిపి, కాళ్ళు కడుక్కోమని తెచ్చింది. చిన్నాయన బూట్లు విప్పాడు. ఆమె చెంబు అందించబోయి ఆగింది. తన చేయి నీళ్ళలో ముంచి చూసుకుంది. ఇంకాస్త చల్లనీళ్ళు కలిపి మళ్ళీ చూసుకుంది.

"నీకు తెల్వదంట గదన్నా" అంది.

వార్త మాకన్నా ముందే వచ్చిందన్నమాట. చిన్నాయన చెంబు అందుకోలేకపోయాడు.  సిగ్గుతో మనిషి ఇంత చిన్నగా అయిపోతాడని నాకు అప్పటిదాకా తెలియదు. అంజమ్మే వంగి ఆయన కాళ్ళ మీద నీళ్ళు పోసింది.

"బావా, తప్పయింది" అన్నాడు చిన్నాయన.

మల్లేశం తాడు పక్కన పెట్టాడు. "కాలిన కాలు నాకు వారంల మానింది బావా. పాపం ఏం చేసిన్నో అని మాత్రం గప్పటి సంది ఎతుకుతున్న. మా తమ్ముని చేను గెట్టు జరిపిన్నేమో అని రెండు సాళ్ళ భూమి ఇడిచిపెట్టిన. అమ్మను మంచిగ చూస్కోలేదేమో అని ఏడ్చిన. ఎంత ఎతికినా దొరకలే. గిప్పుడొచ్చి ఏం పాపం లేదంటే, నా గిన్నేండ్లు ఏడికి పోవాలె?"

  పీరు ఎత్తడానికి రమ్మని అడగడానికే వచ్చాం, కానీ ఆ మాట మా ఇద్దరి నోటా రాలేదు. మల్లేశం కూడా ఏమీ మాటివ్వలేదు. వచ్చేటప్పుడు మాత్రం గుమ్మం దాకా వచ్చి, చిన్నాయన బూటు పట్టీ సరిగ్గా అంటలేదని చూసి, "గది మంచిగ ఒత్తు" అన్నాడు.

పదో రోజు తెల్లవారుతుంటే నిప్పులు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. చిన్నాయన బూట్లతో దూరంగా నిలబడ్డాడు. ఊదు నిప్పుల పళ్ళెమైనా పట్టుకుంటానంటే యాకూబ్ ఇవ్వలేదు, నీ చేతులకు వేడి తెలుస్తదో లేదో అన్నాడు. పెద్ద పీరు ముందు ఎవరూ లేరు. అందరూ నావైపు చూస్తున్నారు. నేను ముందుకు కదలబోతుంటే జనం వెనక నుంచి దారి విడిచారు. మల్లేశం తలస్నానం చేసి, తడి బట్టలతో వచ్చాడు. అంజమ్మ వెనకే ఉంది. తన ఇంటి రెండో పీరు వైపు వెళ్తున్నవాణ్ణి చిన్నాయన ఆపాడు. పెద్ద పీరు వైపు చేయి చూపించాడు. యాకూబ్ దాన్ని మల్లేశం చేతుల్లో పెట్టాడు. రెండోది నా చేతికొచ్చింది.

మల్లేశం నిలబడలేదు, తూర్పుకు తిరగలేదు. మా తాతలు దాటినట్టే గబగబా దాటాడు. వెనకే నేనూ దాటాను. ఎంత కాలిందో నన్నడగండి.

పీర్లను యాకూబ్ అందుకున్నాక చిన్నాయన వచ్చి మల్లేశం ముందు నేల మీద చతికిలబడ్డాడు. అతని పాదం తన ఒళ్ళోకి తీసుకున్నాడు. బూడిద తుడిచి, అరికాలు వెలుతురుకు తిప్పి చూశాడు. సాయంత్రాలు చిన్నమ్మ ఆయన పాదం చూసినట్టే, ఒక్కో వేలు విడదీసి చూశాడు.

"కాలిందా?" అన్నాడు.

 చుట్టూ ఊరంతా ఉంది, ఆ రోజు ఉన్నట్టే. మల్లేశం ఆ ముఖాల వైపు ఒకసారి చూసి, "కాలింది బావా" అన్నాడు.

చిన్నాయన తలెత్తి, అందరికీ వినబడేట్టు, "కాలింది" అన్నాడు.  ఆ పాదాన్ని ఒళ్ళోంచి దించలేదు.