మావయ్య నోటి చప్పుడు

మా పైవాటాలో ఉండి చెల్లో, అంటే కాళ్ల మధ్య నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది, వాయించే ఆవిడను వీధిలో అందరూ రంపం అక్క అంటారు. ఆ పేరు పెట్టింది ఇస్త్రీ కొట్టు ఆయన. ఆమె కమాను లాగుతుంటే దూలం కోస్తున్నట్టుంటుందని ఆయన బాధ. ఆ పేరు ఆమెకూ తెలుసు. కోస్తున్నది దూలాన్ని కాదులే అని ఒకసారి నవ్వింది. ఎవరినో నాకు చాలా కాలానికిగానీ తెలియలేదు.

నేను సంగీతం చదువుకున్నవాణ్ణి కాను. పైకప్పులోంచి దిగిందే నా చదువు. మొదట్లో అది పాటలా ఉండేది కాదు. ఒక స్వరం మొదలవుతుంది, ఎంతకీ ఆగదు. దాని మీద ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది. కూర తరుగుతూ వింటే, వాన పడేముందు గదిలో వెలుతురు మెల్లగా తగ్గినట్టుంటుంది. దాన్ని యాంబియంట్ సంగీతం అంటారని తర్వాత తెలిసింది. ఉండబట్టలేక ఒకనాడు మెట్లెక్కి వెళ్లి, ఒక్క వాయిద్యంతో అన్ని గొంతులు ఎలా వస్తున్నాయని అడిగాను.

విసుక్కోకుండా చూపించింది. చెల్లో ఒంటికి చొక్కా గుండీ అంత మైకు అతికించి ఉంది. దాని వైరు కాళ్ల దగ్గరున్న పెట్టెల్లోకి వెళుతుంది. ఒక పెట్టె శబ్దాన్ని నూతిలోకి దింపినట్టు గుమ్మనిపిస్తుంది. ఇంకొకటి జీడిపాకంలా సాగదీస్తుంది. మూడోది లూప్ పెడల్. కాలితో తొక్కితే అప్పుడే విన్నదాన్ని పట్టుకుని, మళ్లీ తొక్కేదాకా అదే తిప్పి తిప్పి వినిపిస్తుంది. ఆమెకు ప్రాణం అదే.

"దీనికి మతిమరుపు లేదు తమ్ముడూ," అంది. "మనుషుల్లాగా ఒకసారి అనేసి మర్చిపోదు."

అలా మర్చిపోయిన మనిషి ఆమె మేనమామ.

ఆయన ఊళ్లో వాద్యబృందాన్ని నడిపేవాడు. తల్లి పోయిన మేనకోడల్ని ఇంటికి తెచ్చుకుని, సొంత కూతురితో పాటు చెల్లో నేర్పాడు. తిట్టి ఎరగడు, కొట్టి ఎరగడు. స్వరం వెంట్రుకవాసి తప్పితే "చ్చ్" అని నోరు చప్పరించేవాడు. అంతే. ఆ చప్పుడంటే శిష్యులందరికీ హడలు. ఇంటి దగ్గర ఎవరైనా పంట్లో ఇరుక్కున్నది లాక్కుంటున్నా ఉలిక్కిపడి లేచి నిలబడేవాళ్లట.

ఆమెకు ఇరవయ్యేళ్లప్పుడు, పెద్ద కచేరీలో ఒంటరిగా వాయించే అవకాశం మొదటిసారి వచ్చింది. నెమ్మదిగా సాగే భాగంలో, ఊపిరి తీసినా వినబడే చోట, స్వరం కొంచెం కిందికి జారింది. బృందాన్ని నడిపించే కర్ర పట్టుకుని పక్కనే నిలబడ్డ మావయ్య నోరు చప్పరించాడు. చివరి వరసదాకా వినబడింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె కమాను ఆగిపోయింది. మళ్లీ ఎత్తబోతే చెయ్యి రాలేదు. మావయ్య ఆమెకేసి చూడనైనా చూడకుండా, వెనక కూర్చున్న కూతురికి సైగ చేశాడు. మిగతాది ఆ కూతురు, ఈమెకు వదిన, వాయించింది. చప్పట్లు వదినకే. మర్నాటి నుంచి ఆ కుర్చీ కూడా వదినదే.

ఆ తర్వాత ఆమె ఏ బృందంలోనూ కూర్చోలేదు. చుట్టూ నిశ్శబ్దంగా ఉంటే చాలు, ఎక్కడి నుంచో ఆ చప్పుడు. అందుకని నిశ్శబ్దానికి చోటే లేని సంగీతం వెతుక్కుంది. ఒక్కో పెట్టే సొంతంగా నేర్చుకుంది. ఇప్పుడు ఆమె రికార్డులు పెట్టుకుని కళ్లు మూసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ఎంత ప్రశాంతంగా ఉందో అంటారు. అడుగున నివురుగప్పిన నిప్పుందని వాళ్లకేం తెలుసు.

ఇంతలో మావయ్య పని మానుకున్నాడు. పాత శిష్యులంతా కలిసి సన్మానం పెట్టారు. పిలవడానికి వదిన మా మెట్లెక్కింది. తలుపులు తీసే ఉన్నాయి కనక మాటలు నాకు వినబడ్డాయి.

"నాన్న మనసులో నీమీద ఏమీ లేదే," అంది వదిన.

"తెలుసు. నాకే ఉంది."

వదిన వేళాకోళం అనుకుని నవ్వింది. ఈమె వాయిస్తానని ఒప్పుకుంది.

ఆ రోజు నుంచి పైకప్పులోంచి ఒకే ఒక్క స్వరం. అదీ కొంచెం కిందుగా. వినీ వినీ ఆగలేక, అక్కా శ్రుతి తప్పుతోందేమో చూసుకో అన్నాను.

"తప్పడమే సాధన చేస్తున్నా," అంది. "మరీ తప్పితే జాలిపడి ఊరుకుంటాడు. వెంట్రుకవాసి తప్పితేనే ఆయన నోరు ఆగదు."

అప్పుడు రెండో మైకు చూపించింది. అది ముందు వరసలో, మావయ్య ఎదురుగా పెట్టే పూలకూజాలోకి వెళుతుంది. ఆయన చప్పుడు ఆయన శిష్యులందరి ముందూ ఆయనకే తిరిగి ఇచ్చేస్తుందట. ఆయన చప్పరించకపోతేనో అన్నాను. చప్పరించకపోతే, అదే హాల్లో, అదే జనం ముందు, శ్రుతి తప్పిన మేనకోడలిగా రెండోసారి మిగిలిపోతుంది.

పెట్టెలు మోసే వంకతో నేనూ వెళ్లాను. హాలు నిండా నెరిసిన తలలు. మావయ్య చిన్నపిల్లాడంత బుద్ధిగా కూర్చున్నాడు. ఆమె మొదలుపెట్టి, పొర మీద పొర పరిచి, మధ్యలో ఆ స్వరం వదిలింది. మావయ్య తలాడించి ఊరుకున్నాడు. రెండోసారి వదిలితే పెదవి కొరుక్కున్నాడు. వదిన ఆయన మోచేతి మీద చెయ్యి వేసింది. వెనక వరసలో ఇద్దరు మొహాలు చూసుకున్నారు. పాపం, ఇంకా కుదరలేదన్నట్టు.

అప్పుడామె అన్నాళ్లూ చెయ్యని పని చేసింది. పెట్టెల్లో తిరుగుతున్న స్వరాలన్నీ ఆపేసింది. హాలంతా నిశ్శబ్దం. అందులోకి ఒంటరిగా, వెంట్రుకవాసి కిందుగా, ఆ స్వరం.

"చ్చ్."

ఆమె కాలు పెడల్ మీద పడింది.

మొదటిసారి ఉన్నదున్నట్టే తిరిగొచ్చింది. తర్వాత నూతిలోంచి వచ్చింది. ఆ తర్వాత నాలుగు గోడల మీదా బల్లులు పలికినట్టు హాలంతా చప్పరించింది. ముసలి శిష్యుల వెన్నులు వాటంతటవే నిటారయ్యాయి. ఒక బట్టతలాయన చటుక్కున చేతులు వెనక దాచుకున్నాడు. ఎవరో ఫక్కున నవ్వారు. ఇక ఆగలేదు. వదిన చీర చెంగు నోట్లో కుక్కుకుంది. వాటన్నిటి మీదా ఆమె ఆనాడు ఆగిపోయిన భాగాన్ని ఎత్తుకుని, ఒక్క స్వరం తప్పకుండా చివరిదాకా వాయించింది.

ఎందుకు నవ్వుతున్నారని అటూ ఇటూ అడుగుతున్నది మావయ్య ఒక్కడే.

అంతా అయ్యాక వేదిక దగ్గరకు వచ్చాడు. నేను వైర్లు చుడుతున్నాను.

"ఆ నీటిబొట్ల చప్పుడు బాగుందమ్మా. కాస్త తాళం వెనకపడుతోంది గానీ. ఏ పెట్టెది?"

ఆమె ఇన్నేళ్లు కడుపులో పెట్టుకుని మోసింది, ఆయన గుర్తే పట్టలేదు.

"పెట్టెది కాదు. అది నువ్వే మావయ్యా. నీ నోరు. ఆ రోజు నా చెయ్యి ఆగిపోయింది దానికే."

"నేనా? నువ్వు జనాన్ని చూసి జడిశావనుకున్నా కదే. నేనెప్పుడూ అలా..." అని, ఆ మాట నచ్చక, "చ్చ్" అన్నాడు.

అని, విన్నాడు.

చెయ్యి దానంతటదే నోటి మీదికి వెళ్లింది. కూతురి వైపు చూశాడు, తల దించుకుంది. గుమ్మం దగ్గర నిలబడ్డ శిష్యుల వైపు చూశాడు, ఒక్కరూ చూపు కలపలేదు. తేలు కుట్టిన దొంగలా వేదిక అంచున కూలబడ్డాడు.

"అందరికీనా?" అన్నాడు వేళ్ల సందుల్లోంచి.

"అందరికీ."

ఓదారుస్తుందేమోనని చూశాను. చెల్లోను పెట్టెలో పడుకోబెట్టి, గొళ్లేలన్నీ నింపాదిగా బిగించింది.

కొన్నాళ్లకు వదిన మళ్లీ వచ్చింది. నాన్న ఇప్పుడు రేడియోలో పాట విన్నా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే వింటున్నాడని, చూడలేకపోతున్నానని చెప్పింది.

"పెట్టుకోనీ," అంది రంపం అక్క.

వదిన వెళ్లాక నేను పైకి వెళ్లి, ఇక ఆ చప్పుడు పెట్టెలోంచి తీసేయొచ్చుగా అక్కా అన్నాను. ఆమె కమాను వెంట్రుకలకు పట్టుండేలా రాళం ముద్ద రుద్దుతోంది. తలెత్తలేదు.

"ఎందుకు తీస్తాను? ఇప్పుడేగా అది నేను తొక్కితే పలుకుతోంది."