ఖాళీ బల్లమీద జిమ్మీ నంబరు

దయ్యాల మాట ఎత్తితే ముందు నవ్వేది నేనే. పదహారేళ్లుగా రాజమండ్రిలో ఒక పశువుల డాక్టరు గారి దగ్గర కాంపౌండర్ని. చచ్చిన కుక్కల్ని ఎన్నింటినో మోశాను, ఒక్కటీ తిరిగొచ్చి పలకరించలేదు.

మా దగ్గర కుక్కలకు భుజాల మధ్య, చర్మం కింద బియ్యపు గింజంత చిప్ పెడతాం. ఏటా టీకాకి వచ్చినప్పుడు అది పనిచేస్తోందో లేదో స్కానర్‌తో చూస్తాం. వీపు మీద తిప్పితే బీప్‌మని పదిహేను అంకెల నంబరు పడుతుంది. అంతే. కుక్క ఎక్కడుందో అది చెప్పదు.

ఈ సంగతే సువార్తమ్మ టీచరు గారికి ఎక్కలేదు. రిటైరయ్యాక ఆవిడకున్న తోడల్లా జిమ్మీ అనే కుక్కే. రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర పళ్ల కోసం ఆటో ఆపితే దూకి పరుగెత్తిందట, మళ్లీ కనబడలేదు. ఆవిడ కరెంటు స్తంభాలకి దాని ఫొటోలు అంటించారు, చర్చిలో ప్రార్థన పెట్టించారు. ప్రతి శనివారం అక్కడికి వెళ్లి వెతికి, తిరిగొస్తూ మా దగ్గర దిగేవారు. చిప్ పనిచేస్తోందా, ఎక్కడుందో కాస్త చూడమనేవారు. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా వినేవారు కాదు.

నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం నాకు ఒళ్లు మండింది.

"ఇది ఏమీ చెప్పదండి టీచర్‌గారూ, మీరే చూడండి" అని, జిమ్మీని నిలబెట్టే స్టీలు బల్లమీద, ఖాళీ చోటులో స్కానర్ తిప్పాను.

బీప్‌మంది.

నంబరు పడింది. రిజిస్టరు తీసి అంకె అంకె సరిచూశాను. జిమ్మీదే. లోపల్నుంచి డాక్టరు గారొచ్చి, పాత నంబరేదో మిషన్లో ఉండిపోయి ఉంటుందన్నారు. కానీ ఆ స్కానర్ కొత్తది, డబ్బా విప్పింది ఆ పొద్దున్నే. జిమ్మీని అది ఎన్నడూ చూడలేదు. మళ్లీ పదిసార్లు తిప్పాం, గది మూలమూలా తిప్పాం. రాలేదు.

టీచరు గారు ఏడవలేదు. బల్లమీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచారు.

"ఇక్కడికే వచ్చేసింది బాబూ. ఇంక నేను తిరగక్కర్లేదు."

తర్వాత ఒక్కసారే రావులపాలెం వెళ్లారు, స్తంభాల మీది ఫొటోలు చింపేయడానికి. ఇప్పుడు ఎవరైనా కుక్క దొరికిందని ఫోన్ చేసినా ఎత్తరు.

అది ఎందుకు మోగిందో నాకు ఈనాటికీ తెలీదు. జిమ్మీ పోయిందని చెప్పడానికే మోగిందని ఆవిడ నమ్మకం. నేనూ అలా అనుకుంటే హాయిగా నిద్రపడుతుంది, కానీ అనుకోలేకపోతున్నాను. స్కానర్ మోగితే కుక్క చచ్చిపోయినట్టని ఎక్కడా రాసి లేదు. జిమ్మీ ఆ అరటి మార్కెట్లో ఎక్కడో బతికే ఉంటే, దాన్ని వెతికే మనిషి ఇప్పుడు ఒక్కరూ లేరు. ఉన్న ఒక్క మనిషినీ ఆపింది నేనే.