వినాయకుడు మోసిన సాలెపురుగు

గత శ్రావణంలో ఒక శుక్రవారం ఉదయం, మంచిర్యాల దగ్గర మా బొగ్గుగని క్వార్టర్లో జరిగిందిది. మా ఆయన డ్యూటీకి వెళ్లారు. కాలు విరిగిన అత్తమ్మ హాల్లో మంచం మీద ఉంది. ఫ్యాను గాలికి దీపం ఆరకుండా దేవుని గదికి లోపల గడియ పెట్టుకుని, పూజ ముగించి లేచాను. గడియకు జానెడు పైన, తలుపు మీద అరచేయంత సాలెపురుగు ఉంది.

సాలెపురుగంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణభయం. ఆ గదికి కిటికీ లేదు. ధూపం పొగకు ఊపిరాడకపోయినా భయంతో మూలకు అతుక్కుపోయాను.

"అత్తమ్మా, గడియ కాడ పెద్ద సాలెపురుగున్నది. బయటికి వచ్చుడు అయితలేదు."

"చెప్పుతోని ఒక్కటెయ్యి."

"దేవునర్రల చెప్పు యాడిదత్తమ్మా?"

"గంటున్నది గద, దాంతోని కొట్టు."

గంట ఎత్తాను. అప్పుడే సాలెపురుగు కడుపు కింద రూపాయి బిళ్లంత తెల్లటి సంచి కనిపించింది. అది గుడ్ల సంచి అని, నాకు ఇంట్లోనే చదువు చెప్పిన మా నాన్న, బాపు, ఒకప్పుడు చూపించారు. చేయి దానంతటదే దిగిపోయింది.

"గుడ్లతోని ఉన్నదత్తమ్మా."

"గట్లనా. మరి జర పైలం బిడ్డా," అంది.

అభిషేకం గిన్నె దాని మీద బోర్లించాను. గిన్నెకు మూతగా జరపడానికి, దేవుని ముందు పెట్టిన మేనకోడలి పెళ్లికార్డు తప్ప ఏమీ లేదు. కార్డు మీద వినాయకుడున్నాడు.

"స్వామీ, ఎలుక నిన్ను మోస్తది. ఇయ్యాల నువ్వు దీన్ని జర మొయ్యి," అని మొక్కి, కార్డును గిన్నెకూ తలుపుకూ మధ్య జరిపాను. ఒక చేత్తో రెండూ అదిమి పట్టి, రెండో చేత్తో గడియ తీశాను. పెరట్లో జామచెట్టు దగ్గర వదిలితే, సంచితో సహా మెల్లగా పైకి ఎక్కిపోయింది.

ఆ పూట నా చేయిని ఆపిన దేవునికి రోజూ దండం పెట్టుకుంటాను. ఇప్పుడు తలుపు తెరిచి పెట్టి పూజ చేస్తున్నాను. దీపం ఆరితే మళ్లీ వెలిగించుకుంటాను.