పొక్కలన్నీ పూడ్చిన పుణ్యం

ఇబ్రహీంపట్నం దగ్గర గోల్ఫ్ మైదానంలో గడ్డిని సాకడం నా ఉద్యోగం. వేర్లకు గాలాడకపోతే గడ్డి చస్తుంది, నా కొలువూ పోతుంది. అందుకే మొన్న వానాకాలంలో అద్దె మిషన్‌తో కోటి రంధ్రాలు పొడిపించాను.

"రంధ్రాల్లోంచి ఊడొచ్చిన మట్టి ముక్క ఒక్కటి కనబడొద్దక్కా" అని కూలికొచ్చిన యాదమ్మ బృందానికి చెప్పి, మిషన్‌ను పంపేసి, ఏరి పారబోస్తారనుకుని అన్నానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి రంధ్రాల్లేవు! ముక్కలన్నీ బొటనవేళ్లతో లోపలికి నొక్కేశారు.

"గా మిషన్ భూమినంత ఖరాబు జేసె గదన్నా! ఇప్పుడు ఒక్క పొక్క జూపియ్" అంది యాదమ్మ గర్వంగా.

మిషన్‌ను మళ్లీ పిలిపిద్దామని ఫోన్ తీశాను. అంతలో ఓనరు వచ్చి గడ్డి నిమిరి, "ఇన్నేండ్లకు పని నేర్చినవ్‌పో" అన్నాడు.

ఇక్కడ నాకు దక్కిన ఏకైక మెప్పు అదే. నా పనంతా చెడిపోయినందుకు దక్కింది.