శారద ఆంటీ ఎదుటి కుర్చీ

ఈ ఉదయం పార్సిప్పనీ ఆఫీసులో ప్రింటర్‌లోంచి తీసిన రెజ్యూమె ఇంకా వెచ్చగా ఉంది. నేను ఇంటర్వ్యూ చేయబోయే తెలుగమ్మాయిది. చదువు మొన్న మేలో ముగిసింది, అనుభవం మాత్రం మూడేళ్లు. ఒకప్పుడు నా కాగితం మీదా అదే అబద్ధం ఉండేది. ఆ వెచ్చదనం వేళ్లకు తగలగానే శారద ఆంటీ గుర్తొచ్చారు.

నేను చదువుకునే రోజుల్లో ప్లెయిన్స్‌బరోలో మా కింది అపార్ట్‌మెంట్ ఆవిడది. కాలేజీలో ప్రాచీన గ్రీకుల రాజనీతి తత్వం బోధించి రిటైరయ్యారు. శనివారాలు మా స్టూడెంట్లందరికీ పెసరట్లు పెట్టి, న్యాయం అంటే ఏమిటని అడిగి వాదనకు దింపేవారు. ఆవిడదొక పద్ధతి. వాదించినవాళ్లు ఎదుటి కుర్చీలోకి మారి, ఆ వాదన వల్ల నష్టపోయేవాళ్ల తరఫున మళ్లీ మాట్లాడాలి. నాకు నోరెక్కువ కాబట్టి ఆ కుర్చీ నావల్లే అరిగింది.

చదువయ్యాక వీసా గడువులోగా ఉద్యోగం దొరక్కపోతే దేశం వదలాలి. గడువు మూడు వారాలుందనగా, ఉద్యోగాలిప్పించే కన్సల్టెన్సీవాళ్లు నా రెజ్యూమెలో లేని అనుభవం చేర్చారు. ఎవరైనా ఫోన్ చేస్తే నా పాత మేనేజర్‌నని చెప్పమని ఆంటీని అడిగాను.

"అందరూ చేసేదే ఆంటీ. ఎవరూ చెక్ చేయరు."

ఆవిడ కోప్పడలేదు. "ఎవరికీ కనపడకుండా చేసే ఉంగరం దొరికితే మనిషి న్యాయంగా ఉంటాడా అని ఆ గ్రీకులు తల బద్దలుకొట్టుకున్నది దీని గురించేనమ్మా. ఉండాలని ఏడాదిగా నాతో వాదిస్తున్నది నువ్వే." ఎదుటి కుర్చీ చూపించారు. "ఇప్పుడు మాధవిలా మాట్లాడు."

మాధవి నా రూమ్మేట్. అనుభవం లేదని ఉన్నదున్నట్టు రాసి అదే ఉద్యోగానికి అప్లై చేసింది. తన గడువూ నాతోపాటే ముగుస్తుంది. కూర్చుని, "నేను ఉన్నదే రాశాను" అని మాధవిలా మొదలుపెట్టాను. ఏడుపొచ్చింది, సిగ్గుతోనూ, ఆంటీ మీద కోపంతోనూ.

"భయంగా ఉంది ఆంటీ."

"ఉంటుంది. మంచితనం పుట్టుకతో రాదు, చేయగా చేయగా అలవాటవుతుందనేవారు వాళ్లు. మొదటిసారి కష్టమే. లాప్‌టాప్ తెచ్చుకో, పక్కన కూర్చుంటాను. ఆ మూడేళ్లూ డిలీట్ చేసెయ్."

చేశాను. ఉద్యోగం మాధవికి వచ్చింది. నేను ఇండియా వెళ్లిపోయాను. ఎయిర్‌పోర్ట్‌కి ఆంటీయే డ్రైవ్ చేశారు. దారిపొడవునా తత్వం ఒక్క ముక్క మాట్లాడలేదు, ఒక చేత్తో నా చెయ్యి పట్టుకునే ఉన్నారు. నాలుగేళ్లకు నేను తిరిగొచ్చేసరికి ఆవిడ లేరు. ఆ రోజు నాతో చేయించింది మంచి పనేనని ఆవిడకు చెప్పలేకపోయానన్న బాధ ఇప్పటికీ పోలేదు.

ఇప్పుడు ఈ అమ్మాయి కాగితాన్ని చించి పారేయడం తేలిక. చూడనట్టు ఊరుకోవడం ఇంకా తేలిక. లేచి వెళ్లి, ఆ అమ్మాయి కోసం వేసిన కుర్చీలో కూర్చున్నాను. ఈ అమ్మాయికీ అలాంటి గడువే ఉండి ఉంటుంది.

ఆమె లోపలికొచ్చి, నన్నక్కడ చూసి తడబడింది.

"నా కుర్చీలో కూర్చోమ్మా," అన్నాను కాగితం అందిస్తూ. "అటువైపు నుంచి ఒకసారి ఇది చదువు. తర్వాత నువ్వు నిజంగా చేసినవి చెప్పు, వింటాను."